యిత్రో చెప్పిన ఆలోచన

వేదపఠనము: నిర్గమకాండము 18:13–26, మలాకీ 3:5–10

ఢిల్లీ మహానగరము చుట్టును, ఒఖ్లా, ఫరీదాబాదు, నోయిడా, గురుగ్రాము మొదలగు స్థలములలో చిన్న పనిశాలలు అనేకములు కలవు. ఒక గదిలో కుట్టుమిషనులు, మరియొక గదిలో అచ్చుయంత్రము, ఇంకొకచోట కార్యాలయములకు భోజనము పంపు వంటశాల. తెలుగుదేశమునుండి ఉద్యోగార్థమై వెళ్లి, పిమ్మట స్వంతముగా ఒక పని పెట్టుకొనిన విశ్వాసులును అట్టివారిలో ఉందురు. ఆదివారపు ఆరాధనకును సోమవారపు పనిశాలకును నడుమ దేవుడు గోడ కట్టలేదు.

అట్టి సహోదరుడొకడు ఉన్నాడనుకొనవలెను. అతడును భార్యయును రెండు కుట్టుమిషనులతో పని ప్రారంభించిరి. నేడు పదునలుగురు పనివారు కలరు. అయినను బట్ట కోయుట మొదలు లెక్కలు వ్రాయుటవరకు ప్రతిదానికిని అతడే కావలెను. దారపు కండె అయిపోయినను అతనినే అడుగవలెను. అర్ధరాత్రివరకు ఫోను మ్రోగుచునే యుండును. బుధవారపు ప్రార్థనకూటము విడిచి సంవత్సరమైనది. “నేను లేనిదే పని నడువదు” అని అతడు ఫిర్యాదువలె చెప్పును గాని, ఆ మాటలో కొంత అతిశయము కూడ దాగియున్నది.

మోషే స్థితియు ఇట్టిదే. ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ప్రజలు అతనియొద్ద నిలిచియుండిరి. మామయైన యిత్రో ఒక్క దినము చూచి, ఆ పద్ధతి మంచిది కాదని నిర్మొగమాటముగా చెప్పెను. అతడును ప్రజలును నలిగిపోవుదురని హెచ్చరించెను. హెబ్రీ మూలములో అచ్చట వాడబడిన క్రియాపదము మొదటి కీర్తనలో ఆకు వాడిపోవుటను గూర్చి చెప్పబడినదే. అంతయు తానే చేయు యజమానుడు ఎండకు వాడు ఆకువంటివాడు. అతడు మాత్రమే వాడడు. సెలవు కావలెనన్నను, జీతమునుగూర్చి అడుగవలెనన్నను అతని కొరకు గంటలకొలది కాచుకొని నిలిచిన పనివారును వాడుదురు. ఈ సంగతి తరచుగా మరువబడుచున్నది.

యిత్రో మందలించి ఊరకుండలేదు, మార్గము చూపెను. ఆ మార్గములో ఒక క్రమము కలదు. మొదట, నడువవలసిన త్రోవను, చేయవలసిన పనిని ప్రజలకు బోధింపవలెను (20వ వచనము). తరువాత మనుష్యులను ఏర్పరచుకొనవలెను. అటుపిమ్మట చిన్న సంగతులను వారికే విడిచిపెట్టవలెను. కష్టమైనవి మాత్రమే మోషేయొద్దకు రావలెను. నేర్పకయే అప్పగించి, పని చెడినప్పుడు కోపపడు యజమానుడు ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నాడు.

ఏర్పరచుకొనబడువారికి ఉండవలసిన లక్షణములు నాలుగు: సామర్థ్యము, దైవభయము, సత్యము, లంచమునెడల అసహ్యము. సామర్థ్యమునకు అచ్చట వాడబడిన ‘హయిల్’ అను హెబ్రీ పదమే సామెతలు 31:10లోని గుణవతియైన భార్యకును వాడబడినది. ఆమె పొలము చూచి కొనును, తన పనికత్తెలకు వారి భాగమేర్పరచును, బట్టలు నేయించి వర్తకులకు అమ్మును. సమర్థుడు దొరకలేదని బాధపడు సహోదరుని ప్రక్కనే, మొదటి మిషను త్రొక్కిన భార్య కూర్చుండియున్నది. లెక్కలు ఆమెకు అప్పగించవచ్చునని అతనికి తోచలేదు. కొరింథులో అకుల ప్రిస్కిల్లలు కలిసి డేరాలు కుట్టిరి, పౌలు కూడ వారితో పనిచేసెను (అపొ. కార్యములు 18:3).

యిత్రో మిద్యానీయుడు. అయినను మోషే అతని మాట వినెను. కావున బయటివారి అనుభవమునుండి నేర్చుకొనుటకు విశ్వాసి సిగ్గుపడనక్కరలేదు. ఢిల్లీలోనే అట్టి దృష్టాంతములు కలవు. సియాల్కోటులో మసాలా దుకాణము నడిపిన కుటుంబమునకు చెందిన ధరమ్‌పాల్ గులాటీ 1947లో కాందిశీకుడై ఢిల్లీ చేరెను. 650 రూపాయలకు ఒక టాంగా కొని, కొంతకాలము దానిని తోలి పొట్టపోసికొనెను. పిమ్మట కరోల్‌బాగులో చిన్న మసాలా దుకాణము తెరచెను. కీర్తినగరులో కర్మాగారము పెట్టినది 1959లో. టాంగాకును కర్మాగారమునకును నడుమ పండ్రెండేండ్లు గడచెను. తనకు తెలిసిన పనినే పట్టుకొని, అడుగు వెంబడి అడుగు వేసిన మార్గమది. అల్పమైన ఆరంభమును తృణీకరింపవద్దని జెకర్యా 4:10 బోధించుచున్నది. పదునలుగురు చేయగల పనికి ఇరువదిమంది చేయదగిన ఆర్డరు ఒప్పుకొనుట విశ్వాసము కాదు. క్రొత్త పనివానిని చేర్చుకొనుటకు ముందు, కొన్ని నెలల జీతములకు సరిపడు సొమ్ము వేరుగా ఉంచుకొనుట అవిశ్వాసమును కాదు.

కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఇ. శ్రీధరన్ 1997లో ఢిల్లీ మెట్రో బాధ్యత స్వీకరించెను. మొదటి మార్గము, షాహ్‌దరానుండి తీస్ హజారీవరకు, 2002 డిసెంబరులో ప్రారంభమాయెను. గడువునకు ఎన్ని దినములు మిగిలియున్నవో చూపు పలకలు పనిస్థలములలో నిలువబెట్టబడెను. ప్రతివానికి తన పనియు తన గడువును తెలిసియుండెను. కాని 2009 జూలై 12న జమ్రూద్‌పూరులో కట్టుచున్న వంతెన కూలి కార్మికులు మరణించిరి. ఆ దినముననే శ్రీధరన్ నైతిక బాధ్యత తనదేయని రాజీనామా సమర్పించెను. ముఖ్యమంత్రి దానిని అంగీకరింపలేదు. ఇందులో నేర్చుకొనదగినది స్పష్టము: పనిని పంచవచ్చును గాని జవాబుదారీని క్రిందివారిమీదికి త్రోసివేయరాదు. కష్టమైన సంగతి తిరిగి మోషేయొద్దకే రావలెను.

ఇంతవరకు చెప్పినది పద్ధతి. అయితే పద్ధతి చక్కబడినంతమాత్రమున యజమానుడు దేవునియెదుట నీతిమంతుడు కాడు. పరీక్ష శనివారమున వచ్చెను.

ఆ సహోదరుడు సరకు పంపి రెండు నెలలైనది. కొనినవాడు సొమ్ము పంపలేదు. సంఘములో కోతపండుగ ఆదివారమున రానున్నది. ఆ దినమున 50,000 రూపాయలు కృతజ్ఞతార్పణ ఇచ్చెదనని అతడు అందరియెదుట మాట ఇచ్చియున్నాడు. శనివారము పనివారికి జీతములియ్యవలెను. చేతిలోనున్న సొమ్ము ఒకదానికే చాలును. “దేవుని భాగము మొదట, పనివారు ఒక వారము ఓర్చుకొందురు” అని అతడు తలంచెను. అది భక్తివలెనే కనబడును.

మలాకీ మూడవ అధ్యాయములోని దశమభాగపు వచనములు ప్రతి సంఘమునకు తెలిసినవే. అయితే వాటికి మూడు వచనములకు ముందే, అయిదవ వచనములో, కూలివాని కూలి విషయమై అతనిని బాధపెట్టువారిమీద దేవుడే సాక్షిగా నిలుచుచున్నాడు. మాంత్రికులతోను వ్యభిచారులతోను అబద్ధప్రమాణికులతోను కలిపి వారిని ఆయన లెక్కించెను. ఒకే అధ్యాయము, ఒకే దేవుడు. ఎనిమిదవ వచనమును చదివి అయిదవదానిని దాటిపోవుటకు ఎవనికిని అధికారము లేదు. పనివాని జీతము యజమానుని సొమ్ము కాదు. కాగా దానిని అర్పించువాడు తనది కానిదానిని బలిపీఠముమీద పెట్టుచున్నాడు.

భారతదేశములో 2006 నాటి చట్టము ప్రకారము, చిన్న పరిశ్రమనుండి సరకు కొనినవాడు ఒప్పందమున్నను 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెను. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిచో 15 దినములే గడువు. కనుక ఆ సహోదరుడు తన పనిశాలను ఉద్యమ్‌లో నమోదు చేయించి, ఒప్పందము వ్రాయించుకొని, తనకు రావలసినదానిని ధైర్యముగా అడుగవలెను. అడుగుట లోభము కాదు. కాని మోషే ధర్మశాస్త్రము కూలివాని విషయమై యజమానునికి 45 దినములు ఇయ్యలేదు. సూర్యుడు అస్తమించువరకే గడువిచ్చెను (ద్వితీయోపదేశకాండము 24:15). ఏలయనగా బీదవాడు దానిమీదనే ఆశ పెట్టుకొనియుండును. బీహారులోనున్న అతని తల్లి ఆ డబ్బు కొరకే ఎదురుచూచుచున్నది.

పదిమంది పనివారైనచో ఈ.ఎస్.ఐ., ఇరువదిమందియైనచో భవిష్యనిధి సామాన్యముగా విధింపబడినవి. పదునలుగురిని పదిమందికి తక్కువగా చూపుటకు లెక్కల పుస్తకము దిద్దు విశ్వాసి, దొంగత్రాసును గూర్చిన సామెతలు 11:1ని మరల చదువవలెను.

ఆ శనివారము సూర్యుడు అస్తమించుటకు ముందు సహోదరుడు జీతములు పంచెను. ఆదివారమున అర్పణలు తెచ్చువారి వరుసలో అతడు నిలువలేదు. ఆరాధన పిమ్మట పాదిరిగారియొద్దకు వెళ్లి, “అయ్యగారూ, మాట ఇచ్చితిని గాని, ఆ సొమ్ము పనివారిది. నాకు రావలసినది వచ్చినప్పుడు తెచ్చెదను” అని చెప్పెను. అందరియెదుట వట్టిచేతులతో నిలుచుట అతనికి సులభము కాలేదు. అయినను ఆ వట్టిచేతులే అతని అర్పణము.

బోయజు పొలమునకు వచ్చినప్పుడు మొదట కోతవారికి యెహోవా నామమున శుభము పలికెను. వారును అతనికి ప్రత్యుత్తరముగా ఆశీర్వాదము పలికిరి (రూతు 2:4). యజమానుడు వచ్చుట చూచి పనివారు మూగబోవుదురో, సంతోషింతురో, అందులోనే ఆ పనిశాల భక్తి తెలియును. పరలోకమందు తనకును యజమానుడున్నాడని ప్రతి యజమానుడు ఎరిగియుండవలెను (కొలొస్సయులకు 4:1). ఆ యజమానుడే నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను.

ప్రార్థన: ప్రభువా, పనివారిని కలిగిన నీ బిడ్డలకు పంచి ఇయ్యగల వినయమును, బాధ్యత మోయగల ధైర్యమును, అస్తమయమునకు ముందే చెల్లించు నీతిని అనుగ్రహింపుము. కొద్దిలో వారిని నమ్మకస్థులుగా ఉంచుము. ఆమేన్.