పాటలో హెచ్చుతగ్గులు: ఒక ధర్మవిచారము

పాటకు ప్రాణము స్వరములందే గాక, ఆ స్వరముల బలాబలములందును కలదు. “రా” అను ఏకాక్షరమును వీధి నుండి గట్టిగా పలికిన అది పిలుపు. ఉయ్యెల ప్రక్క నిలిచి మెల్లగా పలికిన అది బుజ్జగింపు. అక్షరము మారలేదు, శ్రుతియు మారి యుండకపోవచ్చును. మారినది ధ్వని పరిమాణము మాత్రమే. ఆ పరిమాణమును మన యిష్టానుసారము పెంచి, అణచి, సమము చేయగల సాధనము పూర్వము పెద్ద స్టూడియోలలో నుండెడిది. నేడు ప్రతి యింట కంప్యూటరు నందును, ఫోను నందును అమరియున్నది. సాధనము వచ్చిన చోటికి ధర్మప్రశ్నయు వెంట వచ్చును. ఒకరు పాడిన పాటను మనము ముద్రించి, అందలి హెచ్చుతగ్గులను ఏ మేరకు సవరింపవచ్చును? సవరించిన పిదప అది వారి పాటయేనా?

ఈ ప్రశ్న సంగీత విద్వాంసులకు మాత్రమే సంబంధించినది కాదు. హోసూరు, కోయంబత్తూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము మున్నగు చోట్ల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు ముఖ్యముగా ఇంటిభాష. బడిలో నొక భాష, అంగడిలో నొక భాష వినుచు పెరుగు పిల్లలకు, లాలిపాటయు, మంగళహారతియు, పెండ్లిపాటయు తెలుగు నేర్పు తొలి గురువులు. ఆ పాటలు వచ్చిన పెద్దలు కొలదిమందియే మిగిలిన యిండ్లలో, మనుమలు ఫోను ముందుంచి వారి గొంతులను పదిలపరచుచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగిన పని. ఐనను, పదిలపరచుట యనగా నేమో ఒకింత విచారించుట అవసరము.

కంప్రెషన్ అను మాటకు రెండర్థములు కలవు. ఫైలు పరిమాణమును తగ్గించుట యొకటి; అది ప్రస్తుత విషయము కాదు. గట్టి ధ్వనికిని మెత్తని ధ్వనికిని నడుమ గల దూరమును తగ్గించుట రెండవది. ఈ పని చేయు సాధనమును కంప్రెషర్ అందురు. దానికి మన మొక హద్దును నిర్ణయింతుము. ధ్వని ఆ హద్దునకు లోబడి యున్నంతవరకు యంత్రము జోక్యము చేసికొనదు. హద్దు దాటినచో నియమించిన నిష్పత్తి ప్రకారము అణచును. నిష్పత్తి నాలుగింటికి ఒకటి యైనచో, హద్దుపై 8 డెసిబెల్లులు లేచిన స్వరము 2 డెసిబెల్లులు మాత్రమే లేచినట్లు బయటికి వచ్చును. పిదప మొత్తము ధ్వనిని పైకెత్తుదురు. అప్పుడు గుసగుసలు వచ్చి కేకల సరసన నిలుచును. ఏ స్వరమును నిర్ణీత శిఖరమును మించనీయక గోడవలె అడ్డగించునది లిమిటర్. చాల ఫోనులలో మనము కోరకయే ఇట్టి సవరణ కొంత జరిగిపోవుచుండును.

రేడియోలో ధ్వనిని పెంచు మీటను త్రిప్పుటకును, కంప్రెషర్‌ను ప్రయోగించుటకును గల భేదము మౌలికమైనది. మీట త్రిప్పినపుడు పాట యంతయు ఒక్కరీతిగా పెరుగును, లేదా తరుగును. లోపలి తారతమ్యము చెడదు. అది పెద్ద ఛాయాచిత్రమును చిన్నదిగా అచ్చువేయుట వంటిది. కంప్రెషర్ చేయు పని వేరు. అది చిత్రములోని పొడుగువానిని వంచి, పొట్టివానిని పీట యెక్కించి, ఇరువురిని ఒకే యెత్తున నిలబెట్టును. ముఖములు వారివే, వారి నడుమ నున్న సంబంధము మాత్రము మనము కల్పించినది.

ఉదాహరణకు పెండ్లిని తీసికొందము. అంతవరకు నెమ్మదిగా సాగిన సన్నాయియు డోలును మాంగల్యధారణ సమయమున గట్టిమేళముగా ఒక్కసారి విజృంభించును. ఆ హెచ్చుటయే ముహూర్తము వచ్చినదను ప్రకటన. ఆ ముద్రణను కఠినముగా అణచి సమము చేసినచో, పందిటిలో కాఫీలను గురించిన మాటలును, గట్టిమేళమును ఇంచుమించు ఒకే బలముతో వినవచ్చును. ముహూర్త మెప్పుడు వచ్చినదో చెవికి తెలియదు. లాలిపాట ఇందుకు విపర్యయము. బిడ్డ కన్నులు మూతపడిన కొలది తల్లి గొంతు తగ్గుచు పోవును. చివరి చరణము ఊపిరితో సమానము. ఆ తగ్గుదలయే నిద్ర వచ్చిన వార్త. దానిని మొదటి చరణమంత యెత్తునకు లేపినచో పాట మిగులును గాని, బిడ్డ నిద్రపోదు.

వీణ మీటిన పిదప సన్నగిల్లుచున్న నాదములోనే వైణికుడు గమకములను లాగును. ఆ సన్నగిల్లుట వీణ స్వభావము. దానిని బలవంతముగ నిలిపినచో అది వేరొక వాద్యము. యంత్రము వేగముగ అణచి వేగముగ వదలునట్లు అమర్చినచో, గాయకుడు ఊపిరి తీసికొను ప్రతి సందులోను వెనుకనున్న తంబురా ఉప్పెనవలె పొంగి, పాట మొదలు కాగానే క్రుంగిపోవును. మృదంగముపై దెబ్బ యొక్క తొలి అంచు మొద్దుబారును.

హెచ్చుతగ్గుల నిగ్రహము క్రొత్తది కాదు గదా యని యెవరైన అడుగవచ్చును. నిజమే. 1902లో మన దేశమున గ్రామఫోను ముద్రణ ఆరంభమైన నాడు మైకు లేదు. గాయకులు పెద్ద బాకా ముందు నిలిచి పాడెడివారు. గట్టి స్వరము వచ్చినపుడు వెనుకకు జరుగుటయు, మెత్తని స్వరము వచ్చినపుడు ముందునకు వంగుటయు ఆనాటి రివాజు. 1925 ప్రాంతమున విద్యుత్ ముద్రణ వచ్చిన పిదపను ఈ యిబ్బంది కొంత మిగిలినది. కాని ఆ జరుగుటయు వంగుటయు గాయకుడు స్వయముగా చేసిన పని, యంత్రము చాలనందున చేసిన పని. నేడు యంత్రము చాలకపోవుట లేదు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కుకే సుమారు 96 డెసిబెల్లుల విస్తృతి కలదు. ఇంత విశాలమైన గది లభించిన పిదప మనుష్యులు దాని పైకప్పునకు అంటుకొని నిలుచుట వింత గదా!

అట్లేల జరిగినది? ఒకే పాటను రెండుమార్లు వినిపించి, రెండవమారు ధ్వనిని కొద్దిగా హెచ్చించినచో, రెండవదియే బాగున్నదని పలువురందురు. ఈ బలహీనతను ఆసరా చేసికొని, ముఖ్యముగా 1990 దశకము నుండి, పాశ్చాత్య రికార్డు వ్యాపారులు ఒకరిని మించి యొకరు ధ్వనిని పెంచిరి. దానికి “లౌడ్‌నెస్ వార్” అని పేరు వచ్చినది. 2008లో మెటాలికా అను అమెరికా బృందము వెలువరించిన “డెత్ మాగ్నెటిక్” ఎంతగా అణగినదనగా, ఆ బృందపు అభిమానులే ఆక్షేపించిరి. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము, చెవికి తోచు బలమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించినది. నేడు ఇంటర్నెట్టున పాటలు వినిపించు ప్రధాన సంస్థలు ఆ తరహా కొలతతో పాటలన్నిటిని ఇంచుమించు ఒకే బలమునకు తెచ్చి వినిపించుచున్నవి. కావున కేక వేసినవానికి అచట లాభము లేదు. వాని ధ్వని తగ్గింపబడును, కోల్పోయిన హెచ్చుతగ్గులు మాత్రము తిరిగి రావు. సంతలో అందరును అరచినపుడు ఎవరి మాటయు వినబడదను సామాన్య సత్యమును శాస్త్రము కొలిచి చూపినది.

అల్పసంఖ్యాకులమైన మనకు, వినబడకపోవుదుమేమో యను భయము చిరపరిచితము. ఆ భయమున గొంతు పెంచవలెనన్న కోరిక పుట్టుటయు సహజమే. కాని తమిళదేశమున తిరువయ్యారులో నుండి తెలుగున పాడుకొనిన త్యాగరాజస్వామి (1767–1847) కీర్తనలు మనవరకు వచ్చినది కేకల వలన కాదు. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యపరంపరలవారు శ్రద్ధగా విని, వినినదానిని తరువాతి వారికి అప్పగించుట వలన. నిలుపునది శ్రద్ధ, బలము కాదు.

అట్లని కంప్రెషర్‌ను పాపసాధనముగ నెంచుట యుక్తము కాదు. వృద్ధాప్యమున చెవి మందగించిన పలువురికి చిన్న ధ్వని వినబడదు. పెద్ద ధ్వని దుర్భరమగును. ఈ రెంటి నడుమ గల చోటు ఇరుకైపోవును. అందుచేతనే వారు ధరించు వినికిడి యంత్రములలో కంప్రెషన్ ముఖ్యమైన పని చేయును. వంటయింటి చప్పుడులోనో, బస్సు ప్రయాణములోనో పాట వినువానికి మెత్తని చరణము చేరుటకై కొంత పైకెత్తుట దయయే గాని మోసము కాదు. పాడు వ్యక్తి ఒకమారు మైకునకు దగ్గరగను, ఒకమారు దూరముగను జరిగినచో, ఆ తేడాను సరిచేయుట పాటను సవరించుట కాదు; ముద్రణదోషమును సవరించుట. పరిశుద్ధ యథార్థము ఏ ముద్రణమునకును సాధ్యము కాదు. మైకును ఎచట ఉంచవలెనను నిర్ణయమే ఒక అభిప్రాయము.

ఐనచో ధర్మాధర్మములను వేరుచేయు గీత యేది? నాకు తోచినది ఇది. పాట వినువానిని చేరుటకై చేసిన సవరణ సేవ; పాడువారు ఉద్దేశించిన తారతమ్యమును చెరిపివేయు సవరణ అపచారము. ఒకే అమరిక ఒకచోట సేవ కావచ్చును, మరియొకచోట అపచారము కావచ్చును. దీనిని పరీక్షించుటకు సులభోపాయము కలదు. సవరించినదానిని, సవరింపనిదానిని చెవికి సమానబలముతో వచ్చునట్లు అమర్చి, ప్రక్కప్రక్కన వినవలెను. హెచ్చుధ్వని వలన కలుగు భ్రమ తొలగిన పిదపను సవరించినది మేలుగా తోచినచో దానిని ఉంచుకొనవచ్చును. లేనిచో మనము మెచ్చినది సవరణను కాదు, చప్పుడును.

మరియొక నియమము ఇంతకంటె ముఖ్యము. సవరింపని మూలప్రతిని ఎన్నడును పారవేయరాదు. 24 బిట్ల ముద్రణలో విస్తృతి పుష్కలముగ నున్నది గనుక, గట్టి స్వరమునకు పైన పది డెసిబెల్లుల ఖాళీ యుంచి, ఫోనులోని స్వయంసవరణను వీలైన చోట ఆపివేసి, ముందు పాటను ఉన్నది ఉన్నట్లు గ్రహింపవలెను. నలుగురికి వినిపించుటకు వేరొక ప్రతిని సిద్ధపరచి, అది సవరించిన ప్రతి యని పేరుతోపాటు వ్రాసి యుంచవలెను. అణచిన స్వరమును విప్పుట దుష్కరము. విప్పియున్న స్వరమును ఎప్పుడైనను అణచవచ్చును. తిరిగి దిద్దుకొనుటకు వీలులేని పనిని, వీలున్న పని తరువాతనే చేయుట వివేకము.

ఏలయన, నేడు మనకు సవరణ యేదో అసలేదో తెలియును. ఆ గొంతును మనము ఎదుట కూర్చుండి వినియున్నాము. యంత్రము చెరిపినదానిని మన జ్ఞాపకము పూరించును. ఆమెను చూడని మునిమనుమనికి ఆ జ్ఞాపకము ఉండదు. వానికి ముద్రణయే ముత్తవ్వ. ఆమె ఏ మాటను ఒత్తి పలికెడిదో, ఏ మాట వద్ద గొంతు తగ్గించెడిదో, తెలుగు ఆ యింట ఎట్టి మార్దవముతో నడచినదో వానికి తెలియవలెనన్న, ఆ హెచ్చుతగ్గులను మనము వానికి చేర్చవలెను. గట్టిగా వినిపించు పని వాడే చేసికొనగలడు. మీట వాని చేతిలోనే యుండును. మెల్లదనమును మాత్రము మనమే దాచి యీయవలెను.