ఆమె మాట కూడా సాక్ష్యమే

కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఉండాలని భార్యాభర్తలు కోరుకోవడం సహజం. అందుకోసం ఎన్నో ఇళ్లలో స్త్రీలు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారు. అవి మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొందరు మునుపటిలా ఉండలేకపోతారు. కారణం లేకుండా ఏడుపొస్తుంది. పిల్లల మీద విసుగు పుడుతుంది. నమాజులో మనసు నిలవదు. ఆ సంగతి చెబితే, "నీ ఈమాన్ బలహీనపడింది, దుఆ చేసుకో" అనే జవాబు వస్తుంది. ఈ జవాబు న్యాయమైనదేనా?

ముందు వాస్తవం తెలుసుకుందాం. ఈ మాత్రల్లోని హార్మోన్లు రక్తంలో కలిసి మెదడుకూ చేరతాయి. డెన్మార్క్‌లో 15 నుంచి 34 ఏళ్ల వయసున్న 10 లక్షలకు పైగా స్త్రీల వివరాలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. డిప్రెషన్ మందులు మొదలుపెట్టినవారు, మాత్రలు వాడని స్త్రీలలో కంటే వాడే స్త్రీలలో కొంత ఎక్కువగా కనిపించారు. 20 ఏళ్లలోపు అమ్మాయిల్లో ఈ తేడా ఇంకా పెరిగింది. స్వీడన్‌లో 340 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మాత్రల వల్ల డిప్రెషన్ పెరిగినట్లు అందులో తేలలేదు. అయినా మాత్రలు వాడినవారిలో మనసు కుదుట, ఉత్సాహం తగ్గాయి. కనుక అందరికీ హాని జరుగుతుందని భయపెట్టడం తప్పు. ఎవరికీ ఏమీ కాదని కొట్టిపారేయడమూ తప్పే. ఏ స్త్రీకి ఏమవుతోందో ఆమె చెబితేనే తెలుస్తుంది.

ఆ మాటను లెక్కచేయకపోవడం కొత్త కాదు. 1985లో హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజక్షన్‌ను పరీక్షించ పూనుకున్నారు. అది ప్రయోగమని అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియజేయలేదు. స్త్రీశక్తి సంఘటన మొదలైన మహిళా సంఘాలు 1986లో సుప్రీంకోర్టును ఆశ్రయించాయి.

మరి మన ధర్మం ఏమంటోంది? దైవప్రవక్త (స) కాలంలో సహాబాలు అజ్ల్ పద్ధతిని పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. దాని ఆధారంగా అనేకమంది ధర్మవేత్తలు తాత్కాలిక పద్ధతులను అనుమతించారు. అయితే అజ్ల్‌కు సైతం భార్య అనుమతి కావాలని వారిలో చాలామంది షరతు పెట్టారు. ఆలోచించండి! ఆమె ఒంట్లోకి ఏ మందూ వెళ్లని పద్ధతికే ఆమె సమ్మతి అవసరమైతే, ఆమె రోజూ మింగే మాత్ర విషయంలో ఆమె మాటకు ఎంత విలువ ఉండాలి? పసిబిడ్డ చేత పాలు మాన్పించడానికి కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదించుకుని నిర్ణయించుకోవాలని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో బోధిస్తోంది.

దుఆ, జిక్ర్ మనసుకు ఊరటనిస్తాయి. సందేహం లేదు. కాని జబ్బుకు వైద్యం చేయించుకోమని కూడా దైవప్రవక్త (స) ఉపదేశించారు. జ్వరం వచ్చిన మనిషి ఈమాన్‌ను మనం శంకించం. మనసు కుంగిన స్త్రీ ఈమాన్‌ను ఎందుకు శంకించాలి?

సోదరులారా! మీ ఇంటి స్త్రీ ఇలాంటి బాధ చెప్పుకుంటే నమ్మండి. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. మాత్ర మార్చవచ్చు. హార్మోన్లు లేని కాపర్-టి, నిరోధ్ వంటివీ ఉన్నాయి. నిరోధ్ వాడితే ఆ భారంలో భర్త కూడా పాలుపంచుకున్నట్లవుతుంది. ఆమెకు బతుకు మీదే విరక్తి కలుగుతుంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. సోదరీమణులారా! బాధను దాచుకోవడం సహనం అనిపించుకోదు. నోరు విప్పి చెప్పండి.

ఒకరి బాధను మరొకరు ఆలకించే దాంపత్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.