తోబుట్టువుల వాటా మన మెడకు చుట్టుకోకముందే

తండ్రి కన్నుమూసిన క్షణమే ఆయన ఆస్తిలో వారసులకు హక్కు ఏర్పడుతుంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ పోను మిగిలింది వారందరిదీ. మరి అక్కచెల్లెళ్ళకు మాటైనా చెప్పకుండా ఇల్లు అమ్మే అధికారం మనకెక్కడిది?

ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో పురుషులతోపాటు స్త్రీలకూ వాటా ఉందని దివ్యఖుర్ఆన్ (4:7) స్పష్టం చేసింది. మృతునికి భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు మాత్రమే వారసులనుకుందాం. పంచవలసింది 16 లక్షలైతే భార్యకు 2 లక్షలు, కొడుక్కి 7 లక్షలు, ఒక్కో కూతురికి మూడున్నర లక్షలు. "పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా!" అని ఈ వాటాను ఎగవేయలేము.

మన దేశంలో న్యాయస్థానాలు అనుసరించే ముస్లిం వారసత్వ చట్టం ప్రకారం కూడా ఒక వారసుడు తన వాటా వరకే అమ్మగలడు. సమ్మతించని తోబుట్టువులు తమ వాటా కోసం గడువులోగా దావా వేయవచ్చు.

పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చెల్లెలు నోరు మెదపకపోవచ్చు. ఆ మౌనం అంగీకారం కాదు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

ఇప్పటికే అమ్మేసి ఉంటే, నేడే లెక్కగట్టి ఎవరి సొమ్ము వారికి అప్పగిద్దాం. హక్కుదారుల హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.