యజమాని చూడకపోయినా...



దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ ఉర్వా అల్ బారిఖీ (రజి)కి ఒక దీనారు ఇచ్చి గొర్రెను కొని తెమ్మన్నారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొన్నారు. ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మి, మిగిలిన గొర్రెనూ ఆ దీనారునూ తెచ్చి ప్రవక్త (స)కు అప్పగించారు. ఆయన వ్యాపారంలో బర్కత్ కలగాలని ప్రవక్త (స) దుఆ చేశారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. నా తెలివితో వచ్చిన లాభం కదా అని ఉర్వా (రజి) దాన్ని తన దగ్గర ఉంచుకోలేదు. డబ్బు ఎవరిదో లాభమూ వారిదే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. అన్న కువైట్ ఎండలో చెమటోడ్చి డబ్బు పంపుతాడు. కడపలో తమ్ముడు ఇల్లు కట్టిస్తుంటాడు. అన్నకు కనబడేది ఫోనులో వచ్చే ఫోటోలే. సిమెంటు బస్తాలు ఎన్ని దిగాయో, ఇసుక ట్రాక్టరు నిండుగా వచ్చిందో లేదో తెలిసేది తమ్ముడికి, ఆపైన అల్లాహ్‌కు.

"మీకూ కొంత తీసిపెట్టాం భాయ్" అంటాడు దుకాణదారు. బిల్లులో ఒక ధర, లోపల మరో ధర. జకాత్ వసూలు చేసి వచ్చిన ఒక వ్యక్తి కొంత సొమ్మును తనకు వచ్చిన కానుకగా చెప్పుకున్నప్పుడు, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) నిలదీశారు. మీరూ ఆలోచించండి. అన్న ఇల్లు కట్టించకపోతే ఆ దుకాణదారు మీకు కమీషన్ ఇచ్చేవాడా? ఆ తగ్గింపు అన్నకే చెందుతుంది. మీ శ్రమకు ప్రతిఫలం కావాలంటే పని మొదలయ్యే ముందే అడిగి మాట్లాడుకోండి. అది ధర్మసమ్మతమే. దాచి తీసుకోవడమే ద్రోహం.

పని ఆలస్యం కావడం పాపం కాదు. వాన పడుతుంది, ఇసుక దొరకదు, మేస్త్రి మరో పనికి పోతాడు. ఆ ఆలస్యాన్ని అబద్ధంతో కప్పడమే పాపం. రేపే స్లాబు అంటూ నెల గడపకండి. ఉన్నది ఉన్నట్లు చెబితే అన్న తన డబ్బునూ సెలవునూ సర్దుకుంటాడు. స్లాబు ఆగుతుందని తెలిస్తే సిమెంటు ముందే దింపించకండి. నెలల తరబడి నిల్వ ఉంటే దాని బలం తగ్గుతుంది. సరుకు చేరకముందే మొత్తం డబ్బు ఇచ్చేయకండి. 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకు సుమారు 890 గ్రాములు తూగాలి. కాటా వేయించండి. తూకంలో తగ్గించేవారిని దివ్య ఖుర్ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరించింది. అది చూసీ చూడనట్లు ఊరుకుంటే మన అమానతు ఏమైనట్లు?

అప్పు వ్యవహారాలను రాసిపెట్టుకోమని బఖరా సూరా 282వ ఆయతు బోధిస్తోంది. సరుకు అరువుకు తెస్తే ధర, పరిమాణం, తేదీ రాయండి. వారానికొకసారి లెక్కను, బిల్లులను అన్నకు పంపండి.

పరదేశంలో ఉన్న అన్నలకూ ఒక మాట. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్నది ప్రవక్త (స) బోధ. మీరు డబ్బు ఆలస్యం చేసి కూలీల బాకీని తమ్ముడి నెత్తిన పెట్టకండి.

అన్న సెలవుపై వచ్చి కొత్త గడప దాటే రోజు తమ్ముడు తలెత్తుకుని నిలబడాలి. అంతకన్నా పెద్ద లెక్కల రోజు మరొకటి ఉంది. అక్కడ దొంగ బిల్లులు చెల్లవు. అల్లాహ్ మనల్ని అమానతులు కాపాడేవారిగా చేయుగాక! ఆమీన్.