ఉద్వాసన తరువాత మిగిలేది

వినాయక చవితి పూజ ఆవాహనతో మొదలై ఉద్వాసనతో ముగుస్తుంది. ఆవాహన అంటే దేవతను ప్రతిమలోకి ఆహ్వానించడం, ఉద్వాసన అంటే ఆ సాన్నిధ్యాన్ని సగౌరవంగా సాగనంపడం. ఈ రెండింటి నడుమనే మట్టి దైవంగా పూజలందుకుంటుంది, ఆ తరువాత అది మళ్ళీ మట్టే. అలాంటప్పుడు సాన్నిధ్యం తొలగిన ప్రతిమ నీటిలో కరిగితేనేమి, కరగకపోతేనేమి, పూజాఫలానికి వచ్చే లోటేమిటని అడిగేవారికి తేలికగా బదులు చెప్పడం కుదరదు.

ఆగమ సంప్రదాయం శిలను, లోహాన్ని కూడా ప్రతిమకు తగిన ద్రవ్యాలుగానే అంగీకరించింది కనుక దోషం మన్నికలో లేదు. అయితే ఆలయంలో మూలవిరాట్టును నిలిపినవారు నిత్యార్చనకు పూనుకునే నిలుపుతారు. పార్థివ ప్రతిమను, అనగా పృథివి నుంచి తీసిన మట్టితో చేసిన మూర్తిని, కొద్ది దినాల ఆరాధనకే రూపొందిస్తారు. నిత్యార్చన సంకల్పం లేని చోట చిరకాలం నిలిచే పదార్థాన్ని వాడడమే అసలు చిక్కు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అలాంటి పదార్థం. జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి, అందులోని నీటిని చాలావరకు పోగొట్టగా వచ్చే ఈ పొడి, తిరిగి నీరు కలిపితే జిప్సంగానే గట్టిపడుతుంది. లీటరు నీటిలో రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూగా మాత్రమే కరుగుతుంది కనుక చెరువు అడుగున విరిగిన తొండాలు, చేతులు చాలాకాలం మిగిలిపోతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు దీని వాడకాన్ని వారించాయి. 1954లో మొదలైన ఖైరతాబాద్ ఉత్సవంలోనూ 2022లో యాభై అడుగుల మూర్తిని మట్టితోనే నిలిపారు.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన మట్టి దృష్టాంతం ఇక్కడ ఆలోచించదగినది: కుండ, మూకుడు అన్నవి పేర్లూ రూపాలూ మాత్రమే, వాటన్నిటిలో ఉన్న సత్యం మట్టే. ఈ దృష్టితో చూస్తే ప్లాస్టర్ ప్రతిమ గట్టిపడే వేళకే తన కారణమైన జిప్సంలోకి తిరిగి వెళ్ళిపోయిందని, నిమజ్జనం దాకా ఆగనే లేదని ఒక తార్కికుడు చమత్కరించవచ్చు. కానీ నిమజ్జనంలో విడవవలసినవి నామరూపాలు. కారణద్రవ్యాన్ని చేరి కూడా రూపాన్ని వదలని వస్తువు ఆ దృష్టాంతానికి సరిగ్గా తలకిందులుగా నిలుస్తుంది.

జీవ విచ్ఛిన్నం అనే మాటను, అంటే సూక్ష్మజీవులు ఒక పదార్థాన్ని తిని సరళమైన అంశాలుగా మార్చడాన్ని, మట్టికి వర్తింపజేయడం శాస్త్రరీత్యా పొరపాటే, ఎందుకంటే ఖనిజమైన మట్టి నీటిలో విడిపోతుందే తప్ప కుళ్ళదు. ఆ మాట నిజంగా చెల్లేది ప్రతిమ లోపలి గడ్డికి, కొబ్బరి పీచుకు, పూజించిన ఇరవయ్యొక్క రకాల పత్రికి. అవి సైతం ఒకేచోట గుట్టలుగా నీట పడితే, వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడేసుకోవడం వల్ల చేపలకు ఊపిరాడదు. పత్రిని విడిగా తీసి ఎరువుకు వేసి, మట్టి మూర్తిని ఇంట్లోనే బకెట్ నీటిలో ఉంచి, కరిగాక ఆ నీటిని చెట్టు మొదట్లో పోసే ఇళ్ళలో ఉద్వాసనకూ రూపం కరగడానికీ నడుమ పట్టేది కొద్ది గంటలే.