అవ్వకు దేవుడిచ్చిన దినములు

మూలవాక్యము: 2 తిమోతి 1:5



ఎన్నేళ్ళు బ్రతికి చనిపోయారో పరిశుద్ధ గ్రంథములో చాలామంది పురుషుల విషయంలో వ్రాయబడి ఉంది. స్త్రీలలో ఒక్కరి విషయంలోనే అలా వ్రాయబడింది. ఆమె శారా. ఆదికాండము 23వ అధ్యాయం మొదట్లోనే చూడండి, ఆమె బ్రతికినది 127 ఏండ్లు. తరువాత అబ్రాహాము ఏడ్చాడు. ఏడ్చి లేచి హేతు కుమారుల దగ్గరకు వెళ్ళి, తాను పరదేశినని చెప్పుకొని, పాతిపెట్టడానికి స్థలం అడిగాడు. ఊరికే ఇస్తామన్నా పుచ్చుకోలేదు. 400 తులముల వెండి తూచి ఇచ్చి, మక్పేలా పొలమును, అందులోని గుహను చెట్లతో సహా కొన్నాడు. కనాను దేశమంతా వాగ్దానముగా పొందినవానికి ఆ దేశములో సొంతమని చెప్పుకోను మొదట దొరికిన నేల ఒక ముసలితల్లి సమాధి.

ఊరు విడిచి వచ్చి స్థిరపడిన మనకు ఈ సంగతి ఎవరూ వివరించనక్కరలేదు. ఇల్లు అద్దెకు దొరుకుతుంది, రేషన్ కార్డు వస్తుంది, పిల్లలకు బడిలో సీటు వస్తుంది. అయినా "మా ఊరు" అనేసరికి నోట వచ్చేది పాత ఊరి పేరే. ఇంటి పెద్దావిడను ఇక్కడి మట్టిలో పెట్టిన తరువాత గాని ఈ ఊరు మనది కాదు.

అలాంటి తల్లులు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఎనభై దాటినవారు, తొంభై దాటినవారు. దీర్ఘాయువు దేవుని వరమని మనమందరం అంటాము, నిజమే. అయితే ఎందుకిచ్చాడు ఆ వరం?

లోయి అవ్వను చూడండి. తిమోతిలో ఉన్న విశ్వాసము మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను కాపురమున్నదని పౌలు జ్ఞాపకం చేస్తాడు. ఆ ఇల్లు ఎలాంటిదో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. ఊరు లుస్త్ర. ఆ ఊరి జనులు ఆశ్చర్యం కలిగినప్పుడు కేకలు వేసింది లుకయోనియ భాషలో. ఆ ఊరిలోనే పౌలును రాళ్ళతో కొట్టి, చచ్చాడనుకొని బయటికి ఈడ్చారు. ఇంట్లో రెండు జాతులు, వీధిలో మూడో భాష, ఊరివారి చేతిలో రాళ్ళు. అలాంటి చోట పసితనం నుండే ఆ పిల్లవాడికి లేఖనములు తెలిశాయంటే, దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పినవారెవరో ఉన్నారన్నమాట.

మనం బాప్తిస్టులం. పసిబిడ్డకు బాప్తిస్మమివ్వము. అవ్వ విశ్వాసం మనుమడి పేరుకు పొలం పట్టా మార్చినట్టు మార్చడానికి కుదరదు. ఎవరికి వారు నోటితో ఒప్పుకొని నీళ్ళలోకి దిగవలసిందే. మరి లోయి ఏమి ఇవ్వగలిగింది? చెప్పగలిగింది, అంతే. మనుమడు వినేదాకా, విన్నది అర్థమయ్యేదాకా దేవుడు ఆమెకు ఆయుష్షు ఇచ్చాడు.

మన సంఘచరిత్ర కూడా ఇలా చెప్పగా వచ్చినదే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు ఐదుగురు. జూయెట్ దొర, దొరసాని, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అందులో ముగ్గురు స్త్రీలు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనలో చాలామంది ఈ సంగతులు పుస్తకం చదవకముందే అవ్వ నోట విన్నాం.

ఇప్పుడు మనకంటే ఎంతో ముందు వలస వెళ్ళినవారి వైపు చూడండి. మదురై నుండి తిరునెల్వేలి రైలెక్కితే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. నల్లరేగడి సీమ. విరుదునగర్ అంటే మిరపకాయలు, పప్పులు, నూనెల బజారు. కోవిల్‌పట్టి అంటే అగ్గిపెట్టెలు, వేరుశనగ పాకం మిఠాయి. విజయనగర రాజుల నాడు, మదురై నాయకుల నాడు తెలుగువారెందరో ఆ సీమకు వెళ్ళి వేళ్ళూనుకున్నారు. వందల ఏళ్ళు గడిచినా ఎన్నో ఇళ్ళలో వంటింటి మాట తెలుగే. చదువు మాత్రం తమిళం. 2006 చట్టంతో అది బడులలో తప్పనిసరి కూడా అయింది. తెలుగు అక్షరం చేతికి రాదు, మాట నోట నిలిచింది. దానిని నిలిపింది బడిపంతుళ్ళు కాదు (పంతులుగిరీకి శిక్షణ పొందినవాడినే ఈ మాట అంటున్నాను), పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వలు.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంవారు కి. రాజనారాయణన్. ఇంటిభాష తెలుగు, వ్రాసింది తమిళం. 1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం'లో నూరేళ్ళు దాటిన మంగత్తాయారు అనే అవ్వ ఉంటుంది. తమవాళ్ళు తెలుగుసీమ విడిచి ఎలా వచ్చారో, అడవిని కాల్చి పొలాలు ఎలా చేసుకున్నారో ఆమె చెబుతుంది. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన 2021 మే 17న కన్నుమూశారు. అది నవల, భక్తిగ్రంథం కాదు. అయినా అలాంటి అవ్వల దగ్గర ఓపికగా కూర్చొని విన్నవాడు గనుకనే ఆయన అలా వ్రాయగలిగాడని నేననుకుంటాను.

మన సంఘాలలో ఒక వాదన తరచు వినబడుతుంది. పిల్లలకు తెలుగు బైబిలు చదవడం రాదు గనుక ఇక సంఘం పని అయిపోయిందని పెద్దలంటారు. అయితే ఆరాధన మాకు వచ్చిన భాషలో పెట్టండని యువకులంటారు. తెలుగు పోతే నాకూ దుఃఖమే. కాని పౌలు తిమోతికి ఉత్తరం వ్రాసింది హెబ్రీలో కాదు, గ్రీకులో. ఆ ఉత్తరంలోనే లోయి అవ్వ పేరు మనదాకా వచ్చింది. కనుక లిపి కోసం పిల్లలను గుమ్మం బయట నిలబెట్టవద్దు. యువకులకు కూడా ఒక మాట. మీ భాష మారవచ్చు, రేపు ఇంకొకటి నేర్చుకుంటారు. ఎనభై అయిదేళ్ళ అవ్వ భాష ఇక మారదు. ఆమె తెలుగు మీకు సగమే అర్థమైనా, ఆమె మంచం దగ్గరకు మీరే వెళ్ళాలి.

జ్ఞాపకార్థ కూడికలలో మనం చదివే జీవితచరిత్రలు గమనించారా? పుట్టిన సంవత్సరం, కొడుకులెందరు, కూతుళ్ళెందరు, మనుమలు ఏ దేశాలలో ఉన్నారు. ఆమె ఏ చెరువులో, ఏ కాలువలో బాప్తిస్మం పొందిందో, ఎవరిచ్చారో అడిగితే ఇంటివారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చెప్పగలిగిన ఒక్క మనిషీ పెట్టెలో ఉంటుంది.

అందుచేత సంఘ కాపరులకు, సండేస్కూలు ఉపాధ్యాయులకు నా మనవి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను ఇద్దరిద్దరిగా పెద్ద వయసు తల్లుల దగ్గరకు పంపండి. మొదట ప్రభువును గూర్చి ఎవరు చెప్పారవ్వా? ఇంట్లో ఎవరు కోప్పడ్డారు? నీళ్ళలోకి దిగిననాడు నీకెన్నేళ్ళు? తిండి లేని రోజున ఏమని ప్రార్థించావు? తొందరపెట్టవద్దు. ఆమె మధ్యలో మరచిపోయి చెప్పిందే చెబుతుంది, చెప్పనివ్వండి. విన్నది ఆ రాత్రికే ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోమనండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళంలోనో, కన్నడంలోనో, వచ్చిన అక్షరాలలోనే వ్రాసుకోనివ్వండి.