అవయవాలు, అవయవి: కిట్ కారు యజమానికి ఒక తాత్త్విక విచారం

భాగాల కూడికకు మించి వస్తువు అనేది వేరుగా ఉందా, లేక ఆ కూడికకే లోకం ఒక పేరు పెట్టుకొందా అన్న ప్రశ్నపై బౌద్ధులూ, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులూ శతాబ్దాల తరబడి వాదించుకొన్నారు. కర్మాగారం బిగించి ఇచ్చిన వాహనాన్ని నడిపేవారికి ఈ వాదంతో పని పడదు. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలను స్వయంగా బిగించుకొనే తేలికపాటి స్పోర్ట్స్ కారును, అంటే కిట్ కారును, మొదటిసారి సొంతం చేసుకొన్నవారికి మాత్రం అది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న అవుతుంది.

ఈ జాతి కార్లలో ప్రసిద్ధమైనది కాలిన్ చాప్‌మన్ రూపొందించగా 1957లో ఇంగ్లండులో వెలువడిన లోటస్ సెవెన్. పూర్తిగా తయారైన కారుపై అక్కడ విధించే కొనుగోలు పన్ను విడిభాగాలకు వర్తించకపోవడం వల్ల, డబ్బు తక్కువగా ఉన్న ఉత్సాహవంతులు దానిని కిట్‌గా కొని ఇంటి షెడ్డులో బిగించుకొనేవారు. 1973లో విలువ ఆధారిత పన్ను వచ్చి ఆ వెసులుబాటు తొలగిపోయినా, అదే ఏడాది తయారీ హక్కులు పొందిన కేటర్‌హామ్ సంస్థ ఆ నమూనాను కొనసాగించింది. ఉక్కు గొట్టాల చట్రం, పలుచని అల్యూమినియం రేకులు, ముందు ఇంజను, ఇద్దరికి మాత్రమే చోటు ఉన్న ఈ కారు బరువు సుమారు ఐదారు వందల కిలోలు.

మిళింద ప్రశ్నలు అనే బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు మిళింద రాజును అడిగేది ఇటువంటి సంగతే. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదని రాజు చేతనే ఒప్పించి, భాగాలపై ఆధారపడి ఏర్పడిన వ్యవహారనామమే రథమని, దానినే ప్రజ్ఞప్తి అంటారని ఆయన రాజు నోటనే పలికించాడు. కృష్ణాతీరంతో సంబంధమున్న నాగార్జునుని మాధ్యమిక సంప్రదాయంలో తరువాతి కాలపు ఆచార్యుడైన చంద్రకీర్తి ఈ విచారణను ఏడు విధాలుగా విస్తరించి, భాగాల సముదాయం సైతం రథం కాదని, అదే రథమైతే విప్పి కుప్పపోసిన కర్రలనూ రథమనవలసి వస్తుందని చూపాడు. షెడ్డులో పెట్టెలు తెరిచి ఒక్క నట్టు కూడా లోపించలేదని లెక్క చూసుకొన్న యజమాని ఎదుట ఉన్నది సరిగ్గా ఆ కుప్పే. భాగాలన్నీ ఉన్నాయి, కారు లేదు.

అందువల్ల కొత్త యజమాని శ్రద్ధ భాగాలపై కన్నా వాటి సంయోగాలపై, అంటే విడదీయడానికి వీలున్న కలయికలపై, ఎక్కువగా నిలవాలి. ప్రతి బోల్టునూ తయారీదారు చెప్పిన తిప్పుబలానికి టార్క్ రెంచితో బిగించి, నట్టుకూ బోల్టుకూ అడ్డంగా రంగు గీత గీస్తే, తరువాత నట్టు కదిలినప్పుడు ఆ గీత విరిగి కనబడుతుంది. మొదటి ప్రయాణం ముగిసిన వెంటనే చక్రాల నట్లనూ, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకు అతుకులన్నింటినీ తిరిగి పరీక్షించాలి; కొత్త భాగాలు ఒకదానిలో ఒకటి సర్దుకొనేకొద్దీ బిగువు సడలడం సహజం. బిగించినవారి కంటికి తమ తప్పు తేలికగా ఆనదు కనుక, రోడ్డెక్కే ముందు అనుభవమున్న మరొకరి చేత మొత్తం చూపించుకోవడం అత్యవసరం. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌ల విషయం మరీ ఆలోచింపజేస్తుంది. కారు గాలిలో ఎత్తి ఉండగా వాటి బోల్టులను చివరిదాకా బిగిస్తే, చక్రాలపైకి దించగానే రబ్బరు మెలితిరిగి త్వరగా చెడుతుంది. కారు తన బరువుతో నేలపై నిలిచినప్పుడే ఆ పని పూర్తి చేయాలి. మొత్తం నిలబడితే గాని భాగం పూర్తికాని ఈ స్థితికి నాగసేనుని విశ్లేషణ ఒక్కటే చాలదనిపిస్తుంది.

ఇక్కడ న్యాయదర్శనం పక్షం బలపడుతుంది. భాగాలలో సమవాయ సంబంధంతో, అంటే విడదీయరాని ఆశ్రయంతో, ఉండే వేరొక వస్తువే అవయవి అని నైయాయికులు అంటారు. ఒక భాగాన్ని పట్టి లాగితే మొత్తం కదలడమే దానికి సాక్ష్యమని న్యాయసూత్రకర్త గౌతముని సూత్రం చెబుతుంది. అంటించిన వస్తువులూ అలాగే కదులుతాయి కదా అన్న ఆక్షేపణకు బలం ఉన్నా, స్టీరింగ్ పట్టినవారి అనుభవం గౌతముని వైపే మొగ్గుతుంది. 80 కిలోల మనిషి కూర్చుంటే కదిలే మొత్తం బరువులో ఏడో వంతుకు దగ్గరగా అతడే అవుతాడు కాబట్టి, నాలుగు చక్రాలపై బరువు సర్దేటప్పుడు చోదకుని బరువును కూడా సీటులో ఉంచి కొలుస్తారు. మామూలు కార్ల టైర్లలో 30 పీఎస్‌ఐకి అటూఇటూగా ఉండే గాలి ఇక్కడ చాలావరకు 18 నుంచి 20 మధ్యనే ఉంటుంది. అలవాటు కొద్దీ ఎక్కువ నింపితే పట్టు తగ్గుతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ గాని, పాదబలాన్ని పెంచే బ్రేకు సర్వో గాని ఈ కార్లలో చాలావాటికి లేవు. చల్లని టైర్లతో, తడి రోడ్డుపై, మొదటి నెలల్లో నెమ్మదిగా నడపడం ఇందుకే తప్పనిసరి.

నైయాయికులకు సన్నిహితమైన దర్శనానికి చెందిన వైశేషికులు ఇంకా ముందుకు వెళ్లి, ఒక అవయవం మారితే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందన్నారు. బ్రిటన్‌లో వాహన నమోదు సంస్థ సమూలంగా మార్చిన వాహనాల గుర్తింపును తేల్చడానికి చాలాకాలం పాటించిన పద్ధతి దీనికి భిన్నమైనది. అందులో చట్రానికి 5, సస్పెన్షన్, ఇరుసులు, ట్రాన్స్‌మిషన్, స్టీరింగ్ ఒక్కొక్క దానికి 2, ఇంజనుకు 1 పాయింటు ఇచ్చి, మొత్తం 8 దక్కితేనే పాత నంబరు నిలిచేది. నమోదుకు అటువంటి కొలత అవసరమే. అయితే ఆ లెక్కలో టైర్లకు పాయింట్లే లేవు. ఇంత తేలికైన కారులో టైర్ల రకం మారితే బ్రేకు పడే దూరమూ, మలుపులో పట్టు విడిచే క్షణమూ మారిపోతాయి. అందుచేత ఈ విషయంలో వైశేషికుల కఠిన నియమమే యజమానికి క్షేమకరం: టైరు మారినా, స్ప్రింగు మారినా, పాత అంచనాలను పక్కనపెట్టి, ఖాళీ రోడ్డుపై తక్కువ వేగంతో ఆ కారును మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవాలి.